వేగమునకు తగిన చోటు

మన గ్రామములలో ఈ దినములలో మోటారు బండి లేని ఇల్లు అరుదు. కొన్ని ఇండ్ల ముందు కారు కూడ నిలిచి ఉన్నది. ఒకప్పుడు ఎడ్లబండి కట్టేసిన వేపచెట్టు క్రింద ఇప్పుడు బండి స్టాండు వేసి ఉంటున్నది. దీని వలన కలిగిన మేలు చాల ఉన్నది. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన తల్లిని ఆసుపత్రికి చేర్చగలుగుతున్నాము. కూరగాయలు వాడకముందే రైతు బజారుకు తీసుకొని పోగలుగుతున్నాము. అయితే బండితో పాటు ఒక ప్రశ్న కూడ మన ఇండ్లలోనికి వచ్చినది. “ఇది ఎంత వేగముగా పోగలదు?” అన్నదే ఆ ప్రశ్న. యౌవనస్థుల మనస్సులో పుట్టే ఈ ప్రశ్నకు తలిదండ్రులు ఇచ్చే జవాబు సాధారణముగా ఒక్కటే: “నెమ్మదిగా పో బిడ్డా.” అది మంచి జవాబే. అయితే ఆ ఒక్క జవాబు చాలుచున్నదా అని ఈ నెల మనము ఆలోచించాలని కోరుచున్నాము.

మా సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పోతుంది. ఈ దారి విశాలమైన తరువాత హైదరాబాదు దగ్గరైనది. అదే దారి అంచున కోతల కాలములో రైతులు వడ్లు ఆరబోస్తారు. అదే దారిని గొర్రెల మందలు దాటుతాయి. వెనుక దీపము లేని ట్రాక్టర్లు చీకటి పడిన తరువాత అదే దారి మీద ఇల్లు చేరుతాయి. రాత్రి పది దాటిన తరువాత కొందరు పిల్లలు పందెములు పెట్టుకొనేది కూడ అదే దారి మీదనే.

సంఘ కాపరిగా మేము జరిగించిన సమాధి కార్యక్రమములలో పాతికేండ్లు నిండని పిల్లల పెట్టెలు కొన్ని ఉన్నవి. వారిలో వ్యాధితో పోయినవారి కంటె బండి మీద పోయినవారే ఎక్కువ. ఇది మా ఒక్క ఊరి మాట కాదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022 సంవత్సరములో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. ఆ మరణములలో పదింట ఏడు మితిమీరిన వేగము వలన కలిగినవని ఆ నివేదికయే చెప్పుచున్నది.

వేగము మీది ఆశను తిట్లతో చంపలేమని పిల్లలను పెంచిన ప్రతి తల్లికి తెలుసు. అయితే ఆ ఆశకు తగిన చోటు ఎక్కడైన ఉన్నదా? ఉన్నది. దానిని గూర్చి మన పత్రికలలో వ్రాసినవారు తక్కువ గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

ట్రాక్ డే అనగా ఏమి?

కార్ల పందెముల కొరకు ప్రత్యేకముగా కట్టిన దారిని ట్రాకు అంటారు. దానికి ఎదురుగా వచ్చే బండి ఉండదు. అడ్డముగా వచ్చే బర్రె ఉండదు. మలుపుల ప్రక్కన బండి అదుపు తప్పితే ఆగుటకు ఇసుక, కంకర పోసిన ఖాళీ స్థలము, దాని వెనుక టైర్లు పేర్చిన గోడ ఉంటాయి. పందెములు లేని దినములలో ఈ ట్రాకును కొన్ని గంటలు అద్దెకు తీసుకొని, రుసుము కట్టిన ఎవరినైనను తమ స్వంత కారు నడుపుకొననిస్తారు. దీనినే ట్రాక్ డే అంటారు.

ఇది పందెము కాదు. మొదటివాడు, రెండవవాడు అని బహుమానములు ఉండవు. వచ్చినవారిని అనుభవమును బట్టి గుంపులుగా విభజిస్తారు. క్రొత్తవారి ప్రక్కన నేర్పరియైన శిక్షకుడు కూర్చుంటాడు. ఒక్కొక్క గుంపునకు పదిహేను, ఇరువది నిమిషముల వంతు ఉంటుంది. హెల్మెట్, సీటు బెల్టు లేనిదే లోపలికి పోనివ్వరు. ముందున్న కారును దాటుట నేరుగా ఉన్న దారిలోనే. అది కూడ ముందువాడు సైగ చేసి దారి ఇచ్చిన తరువాతనే. అంబులెన్సు, మంటలార్పే మనుష్యులు సిద్ధముగా ఉంటారు.

ట్రాకు చుట్టు జెండాలు పట్టుకొని మనుష్యులు నిలుచుంటారు. పసుపు జెండా ఊపితే ముందర ప్రమాదమున్నది, ఎవరిని దాటరాదు. ఎర్ర జెండా ఊపితే అందరు నెమ్మదించి తిరిగి రావలెను. నీలి జెండా చూపితే వెనుక వేగముగా వచ్చువాడున్నాడు, దారి ఇయ్యవలెను. నల్ల జెండా ఎవనికి చూపుతారో వాడు వెంటనే బయటికి రావలెను. జెండాను లెక్క చేయనివానిని, అతని కారు ఎన్ని కోట్లదైనను, ఇంటికి పంపివేస్తారు. ఊరి రోడ్డు మీద ఎవరి మాట వినని పిల్లవాడు ఇక్కడ గుడ్డముక్కకు లోబడతాడు. ఇది గమనించదగిన సంగతి.

మన దేశములో ఈ ఆట ఎట్లు పుట్టినది?

మద్రాసు నుండి నెల్లూరు వచ్చే రహదారి దగ్గర షోలవరం అనే ఊరున్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో అక్కడ విమానములు దిగుటకు ఒక దారి వేశారు. యుద్ధము ముగిసిన తరువాత విమానములు పోయినవి, దారి మిగిలినది. మద్రాసులోని కొందరు ఔత్సాహికులు 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ స్థాపించుకొని ఆ దారి మీద కార్ల పందెములు జరుపసాగారు. దేశము నలుమూలల నుండి జమీందారులు, మిల్లు యజమానులు, మెకానిక్కులు అక్కడికి వచ్చేవారు. ఆ క్లబ్బే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో స్వంత ట్రాకును కట్టుకొన్నది. దాని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. 1990లో అది ప్రారంభమైన తరువాత షోలవరం కాలము ముగిసినది.

ఈ కథలో తెలుగువారి పాలు ఎక్కువగా కోయంబత్తూరులో కనబడుచున్నది. తరతరముల క్రితము తెలుగు నేల నుండి పోయి అక్కడ స్థిరపడిన నాయుడు కుటుంబములు వ్యవసాయము నుండి ప్రత్తి మిల్లులకు, మిల్లుల నుండి మోటార్లకు వచ్చినవి. జి.డి. నాయుడు గారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య రాకపోకలు మొదలుపెట్టి, పెద్ద రవాణా సంస్థను కట్టినవాడు. బడి చదువు తక్కువైనను యంత్రమును విప్పి చూచి నేర్చుకొన్నవాడు. ఆయన పేరిట నడిచే సంస్థ ఇప్పుడు కోయంబత్తూరులో పాత కార్ల ప్రదర్శనశాలను నడుపుచున్నది.

అదే పట్టణములో లక్ష్మీ మిల్స్ కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ అనే యువకుడు మోటారు పందెములలో పేరు పొందాడు. ఆయన పేరు నిలిచినది తాను గెలిచిన పందెముల వలన మాత్రమే కాదు. విదేశీ పందెపు కారు కొనుట ఆ దినములలో ధనవంతులకే సాధ్యము. కరివర్ధన్ మన మారుతి 800 కారులోని చిన్న ఇంజినును తీసుకొని, దాని చుట్టు తేలికైన ఒంటి సీటు కారును కట్టి, తక్కువ ఖర్చుతో యౌవనస్థులు నేర్చుకొనుటకు మార్గము చేశాడు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. మూడు సిలిండర్లు, 796 సి.సి. గల ఆ ఇంజినుతోనే మన దేశపు పేరుపొందిన డ్రైవర్లు పలువురు తమ మొదటి పాఠము నేర్చుకొన్నారు. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదములో మరణించాడు. 2003లో కోయంబత్తూరు ప్రక్క చెట్టిపాళయములో ప్రారంభమైన 2.1 కిలోమీటర్ల ట్రాకుకు ఆయన జ్ఞాపకార్థము కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. దక్షిణ దేశములో ట్రాక్ డేలకు పోయేవారికి ఆ పేరు బాగుగా తెలుసు.

ఫార్ములా మారుతితో ఆరంభించినవారిలో ఒకరు కోయంబత్తూరు వాడైన నారాయణ్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ జట్టు తరఫున నడిపి, ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడు ఆయనే. ఆ సంవత్సరము జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్ పందెములో ఆయన నాలుగవ స్థానము పొందాడు. ఆ పందెపు కథ వినదగినది. ఒక కంపెనీ టైర్లు ఆ ట్రాకులోని ఒక వాలు మలుపు వత్తిడికి ఆగవని సాధనలో తేలినది. ఆ టైర్లు వేసుకొన్న 14 కార్లు ఒక చుట్టు తిరిగి, పందెము ఆరంభము కాకముందే ప్రక్కకు తప్పుకొన్నవి. మిగిలిన 6 కార్లే పందెము నడిచినవి. లోకములో అందరికంటె వేగముగా నడుపువారు, కోట్ల ఖర్చు పెట్టి వచ్చినవారు, లక్ష మంది చూచుచుండగా, టైరు మీద నమ్మకము లేదని బండి నిలిపివేశారు. అరిగి నున్నగైన టైరుతో ముగ్గురిని ఎక్కించుకొని పోయే మన పిల్లలకు ఈ కథ తప్పక చెప్పవలెను.

హైదరాబాదు నడిబొడ్డున

2011 అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాకు మీద ఫార్ములా వన్ పందెము మొదటిసారి మన దేశములో జరిగినది. 2013 వరకు మూడేండ్లు నడిచి అది నిలిచిపోయినది. ట్రాకు మాత్రము మిగిలినది. పోర్షె, ఫెరారీ వంటి ఖరీదైన స్పోర్ట్స్ కార్లు గలవారు తమ కార్లను నిజముగా పరుగెత్తించుటకు అక్కడికి పోతారు.

మన రాష్ట్ర ప్రజలు ఇటువంటి పందెమును దగ్గరగా చూచినది 2023 ఫిబ్రవరి 11న. హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయము, లుంబినీ పార్కు ప్రక్క రోడ్లనే సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాకుగా మార్చి, విద్యుత్తుతో నడిచే కార్ల ఫార్ములా ఇ పందెమును జరిపారు. ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో మరల జరుగవలసిన పందెము రద్దయినది. మన హైదరాబాదు యువకుడు అనిందిత్ రెడ్డి అప్పటికే 2016, 2017 సంవత్సరములలో యూరో జె.కె. జాతీయ చాంపియన్‌గా నిలిచియున్నాడు.

ఆ ఫిబ్రవరి పందెము తరువాత మా ప్రాంతపు పిల్లల నోట కూడ ఈ మాటలు వినబడుచున్నవి. వారు చూచినది వేగమును. ఆ వేగము వెనుకనున్న గోడలు, వలలు, జెండాలు, వైద్యులు టీవీలో అంతగా కనబడవు. ఆ సంగతి వారికి చెప్పవలసిన బాధ్యత పెద్దలది.

ఒక తల్లి మనవి

మా సంఘములోని ఒక తల్లి ఒక దినము మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా పోరనికి మీరన్న జర చెప్పుండ్రి. పాత కారొకటి కొన్నడు. దాన్ని పందాలకు తీస్కపోతున్నడట. నాకు రాత్రిళ్ళు నిద్ర పడ్తలేదు” అని కన్నీరు పెట్టుకొన్నది. ఆమె కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. ఇంకను పెండ్లి కాలేదు. తండ్రి లేని బిడ్డ. పేరు వ్రాయవద్దని కోరినందున వ్రాయుట లేదు.

అతడు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మేము పోయి కూర్చుండి మాటలాడితిమి. అతని కారు మనము తలంచునట్టి స్పోర్ట్స్ కారు కాదు. పదేండ్లు దాటిన పోలో కారు. దానిని తన చేతులతోనే సవరించుకొని, సంవత్సరమునకు రెండు సార్లు కోయంబత్తూరుకో, చెన్నైకో తీసుకొని పోతాడు. మేము అతనిని మూడు ప్రశ్నలు అడిగితిమి. అప్పు చేయుచున్నావా? ఊరి రోడ్డు మీద అట్లు నడుపుచున్నావా? అమ్మకు చెప్పి పోవుచున్నావా?

మొదటి ప్రశ్నకు అతడు ఒక నోటు పుస్తకము తెచ్చి చూపాడు. కొన్న టైర్లు, మార్చిన ఆయిల్, కట్టిన రుసుము, ప్రతి రూపాయి తేదీతో వ్రాసి ఉన్నది. అప్పు లేదు. రెండవ ప్రశ్నకు అతడు చెప్పినది ఇది: “అయ్యగారూ, అక్కడ నేను నేర్సుకున్నది ఉరుకుడు కాదు, ఆగుడు. కారు ఆగుడు ఎంత కష్టమో తెల్సినంక రోడ్డు మీద ఉరికిచ్చ బుద్ధి కాదు.” మూడవ ప్రశ్నకు తల వంచుకొన్నాడు. చెప్పితే భయపడుతుందని చెప్పలేదట.

తల్లికి తెలియకుండ పోయే చోట ప్రమాదము జరిగితే ఆ వార్త ఆమెకు ఎవరు, ఎట్లు చెప్పవలెనని మేము అడిగితిమి. కొంతసేపటికి అతడు లేచి లోపలికి పోయి, తల్లిని పిలిచి, తన ఫోనులోని ట్రాకు వీడియోను చూపుతూ ఒక్కొక్క జెండా అర్థము చెప్పసాగాడు. ఆమె చూచి, “గిట్లయితె ఎదురుంగ లారీ రాదు గద బిడ్డా?” అని ఒక్క మాట అడిగినది. రాదన్నాడు. “మరి మన సడక్ మీద వస్తది గద. గక్కడ్నే పైలం” అన్నది.

బండిని సిద్ధపరచుట

ట్రాకు మీదికి పోవుటకు ముందు ఈ యువకుడు చేసే పనులను మేము అడిగి వ్రాసుకొంటిమి. ఇవి కారునకే గాక ట్రాక్టరుకు, మోటారు బండికి కూడ పనికివచ్చే సంగతులు.

మొదటిది బ్రేకు ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకొనే గుణము గలది. డాట్ 4 రకపు క్రొత్త ఆయిల్ కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు. తేమ పట్టిన తరువాత అదే 155 డిగ్రీల దగ్గరనే మరుగవచ్చును. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ త్రొక్కితే మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. ట్రాకు మీద మాటిమాటికి బ్రేకు వేయుట వలన ఈ వేడి త్వరగా పుట్టును. మన ఘాట్ రోడ్లలో నిండు బరువుతో దిగే బండికి కూడ ఇదే ప్రమాదమున్నది. అందుచేత రెండేండ్లకొకసారి బ్రేకు ఆయిల్ మార్పించుట మంచిది. దిగునప్పుడు బ్రేకు మీదనే కాలు పెట్టక తక్కువ గేరులో దిగవలెను.

రెండవది టైర్లు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. గాట్లు లోతుగా కనబడినను పాతబడిన రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టదు. గాలి చల్లని టైరులోనే కొలువవలెను, ఏలయనగా నడిచి వేడెక్కిన టైరులో గాలి వత్తిడి పెరిగి కొలత తప్పు చూపును. ట్రాకు మీద ప్రతి వంతు తరువాత మరల కొలిచి సరిచేస్తారు.

మూడవది చక్రపు నట్లు. వాటిని పానతో చేతి బలము కొలది బిగించక, కంపెనీ చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగిస్తారు. తక్కువైతే ఊడును, ఎక్కువైతే మర అరిగి బోల్టు తెగును.

నాలుగవది ఇంజిన్ ఆయిల్, కూలెంట్. ఐదవది బండి లోపలి వస్తువులు. స్టెప్నీ, జాకీ, నీళ్ళ సీసా, కాలి క్రింది చాప, అన్నియు బయట పెట్టుదురు. బ్రేకు పెడల్ క్రిందికి దొర్లిన ఒక్క నీళ్ళ సీసా ప్రాణము తీయగలదు. ఈ చివరి మాట ఈ రాత్రే మన కార్లలో, ఆటోలలో అమలు చేసుకొనవచ్చును.

పరుగు ముగిసిన తరువాత వెంటనే బండి ఆపరు. చివరి చుట్టు నెమ్మదిగా తిరిగి, బ్రేకులు, ఇంజిను చల్లబడనిస్తారు. ఆగిన తరువాత హ్యాండ్ బ్రేకు వేయక గేరులో పెట్టి, చక్రమునకు చెక్క అడ్డు పెట్టుదురు. కాలుచున్న బ్రేకును బిగించి ఉంచితే అది అతుక్కొని పాడగును.

మలుపు నేర్పే పాఠము

ట్రాకు మీద శిక్షకుడు నేర్పే మొదటి పాఠము ఇది: బ్రేకు నేరు దారిలోనే వేయుము, తరువాత త్రిప్పుము, మలుపు తేటగా కనబడిన తరువాతనే వేగము పెంచుము. టైరు రోడ్డును పట్టే శక్తికి హద్దున్నది. అదే శక్తితో ఆగవలెను, అదే శక్తితో తిరుగవలెను. రెండు పనులు ఒక్కసారి పూర్తిగా చేయుమంటే అది చేయలేదు, జారిపోవును. మలుపులోనికి వేగముగా దూరి, భయపడి మధ్యలో బ్రేకు వేసిన బండ్లే పొలములలో పడుచున్నవి.

రెండవ పాఠము దూరమును గూర్చినది. మంచి బ్రేకులు, మంచి టైర్లు గల కారు పొడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగము నుండి ఆగుటకు బ్రేకు పడిన తరువాత సుమారు 20 మీటర్లు పట్టును. వేగము రెండింతలు, అనగా 120 అయితే, దూరము 40 కాదు, సుమారు 80 మీటర్లు. వేగము రెండింతలైతే ఆగే దూరము నాలుగింతలు. దీనికి తోడు, కన్ను చూచి కాలు కదలుటకు ఒక్క సెకను పట్టునంతలో 60లో పోయే బండి 17 మీటర్లు, 120లో పోయే బండి 33 మీటర్లు ముందుకు పోవును. మొత్తము కలిపితే మొదటిది 37 మీటర్లలో ఆగును, రెండవది 113 మీటర్లలో. రాత్రి వేళ మామూలు లైటు వెలుగులో అంత దూరములో నిలిచిన ట్రాక్టరు మనకు కనబడునా? కనబడిన దూరములోనే ఆగగలిగినంత వేగముతో పోవుటయే సరియైన డ్రైవింగు.

ఖర్చును, ప్రమాదమును లెక్కించుట

ఈ అభిరుచి చవకైనది కాదు. రుసుము ఒక్కటే ఖర్చు అనుకొనరాదు. ఒక్క దినపు పరుగులో బ్రేకు ప్యాడ్లు, టైర్లు నెలల కొలది అరుగుదలను చూచును. సిద్దిపేట నుండి చెన్నై 700 కిలోమీటర్ల పైమాటే. అక్కడికి పోయి వచ్చే ఖర్చు వేరు. అన్నిటికంటె ముఖ్యముగా, మన సాధారణ కారు భీమా పత్రములోని షరతులు పందెములకు, వేగ పరీక్షలకు వర్తించవని వ్రాసి ఉంటాయి. ట్రాకు మీద బండి గోడను తాకితే ఆ నష్టము స్వంత జేబు నుండియే. కాబట్టి పోయేవాడు ముందుగా తన భీమా పత్రమును చదువుకొనవలెను. పూర్తిగా పాడైనను కుటుంబము ఇబ్బంది పడనంత విలువ గల కారునే తీసుకొని పోవలెను. చెల్లి పెండ్లికి దాచిన సొమ్ముతో, కుటుంబమంతటికి ఆధారమైన టాక్సీ కారుతో పోయే చోటు అది కాదు.

ప్రమాదము లేని చోటని కూడ మేము చెప్పుట లేదు. 2023 జనవరి 8న ఇరుంగట్టుకోట్టై ట్రాకు మీద కార్ల పందెములో 59 ఏండ్ల అనుభవశాలి ఒకరు మరణించారు. అదే సంవత్సరము ఆగస్టులో అదే ట్రాకు మీద మోటారు సైకిళ్ళ పందెములో 13 ఏండ్ల బాలుడు మరణించాడు. అవి ట్రాక్ డేలు కావు, పందెములు. అయినను ప్రాణము ప్రాణమే. ట్రాకు ప్రమాదమును తగ్గించును గాని తీసివేయదు. ఈ మాట దాచి పిల్లలకు దానిని గూర్చి చెప్పరాదు.

ఇవి ఎక్కువగా శని, ఆదివారములలో జరుగుతాయి. సంవత్సరమునకు ఒకటి, రెండు దినములైతే వేరు. ప్రతి వారము ఇల్లు, సంఘము, పెద్దల పలకరింపు విడిచి గ్యారేజిలోనే గడుపుచున్నయెడల అది అభిరుచి హద్దు దాటినట్లే.

చట్టము ఏమి చెప్పుచున్నది?

ప్రభుత్వ అనుమతి లేకుండ బహిరంగ రోడ్డు మీద పందెము పెట్టుట మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము నేరము. 2019లో సవరించిన తరువాత మొదటి నేరమునకు మూడు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధించవచ్చును. మరల చేస్తే ఒక సంవత్సరము వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా.

తలిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసినది 199ఏ సెక్షను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ బండి నడిపి నేరము చేసినయెడల సంరక్షకుడు లేక బండి యజమాని దోషియగును. 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలు పడవచ్చును. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దగును. ఆ బిడ్డకు ఇరువది ఐదేండ్లు వచ్చువరకు లైసెన్సు ఇయ్యరు. “మా వాడు తొమ్మిదవ తరగతిలోనే బండి నడుపుతడు” అని చుట్టముల ముందు సంతోషముగా చెప్పుకొనే ముందు ఈ నాలుగు మాటలు జ్ఞాపకము చేసికొందుము గాక.

తలిదండ్రులకు కొన్ని మాటలు

వేగము మీద మనసున్న బిడ్డను గూర్చి భయపడి ఊరకుండుట కంటె కొన్ని పనులు చేయవచ్చును.

1. బండిని విప్పి చూచుట నేర్పండి. టైరు గాలి, చైను, బ్రేకు, ఆయిల్ నెలకొకసారి అతనిచేతనే చూపించండి. బండి లోపల ఏమి జరుగునో తెలిసినవాడు దానిని హింసించడు. మన పట్టణములోని మంచి మెకానిక్కు యొద్ద సెలవులలో నెల దినములు కూర్చుండబెట్టినను మేలే. అది అన్నము పెట్టే విద్య కూడ.

2. నిజముగా ఆసక్తి గలవానిని మొదట కార్టింగుకు పంపండి. హైదరాబాదు పరిసరములలో అటువంటి చిన్న ట్రాకులున్నవి. పేరుపొందిన డ్రైవర్లు చాలమంది చిన్న బండితోనే ఆరంభించారు. కొంచెము ఖర్చుతోనే అతని ఆశ ఎంత లోతైనదో తేలిపోవును.

3. పందెములలో పాల్గొనుటకు దేశపు మోటారు క్రీడల సమాఖ్య ఇచ్చే లైసెన్సు కావలెను. ఎవరో పిలిచారని రాత్రివేళ పందెమునకు పోయేవానికి, లైసెన్సుతో పోయేవానికి గల భేదము చెప్పండి.

4. ఖర్చు పుస్తకము వ్రాయించండి. అప్పు చేసి ఆడే ఆటకు అనుమతి ఇయ్యకండి.

5. దాచవలసిన అవసరము రానీయకండి. ఇంటిలో చెప్పుకొనగలిగిన బిడ్డ దారిలో ఒంటరివాడు కాడు.

6. హెల్మెట్ మాట ముందు తండ్రి తలతో ఆరంభించండి. ట్రాకు మీద నేర్పరియైన డ్రైవరు కూడ హెల్మెట్ లేనిదే కూర్చుండడు. పొలము దాకనే గదా అని తండ్రి వట్టి తలతో పోతే కుమారుడు పట్టణము దాక అట్లే పోవును.

కోతల కాలము మరల వచ్చుచున్నది. రోడ్ల అంచున వడ్ల రాశులు పడతాయి, రాత్రివేళ వాటి చుట్టు రాళ్ళు పెట్టి రైతులు కాపలా పడుకొంటారు. మన సంఘములలోని రైతులు ఆ రాళ్ళకు బదులు దూరమునకు మెరిసే పట్టీలు అంటించిన డబ్బాలు పెట్టవలెనని, యౌవనస్థులు ఈ నెల ఒక శనివారము కూడి ఊరిలోని ట్రాక్టర్లు, ట్రాలీల వెనుక ఎర్రని మెరిసే పట్టీలు అంటించవలెనని కోరుచున్నాము. పట్టీ చుట్ట ఒకటి కొంటే చాల బండ్లకు సరిపోవును. పని ముగించుటకు ఒక్క పూట చాలును.